జడ్జిగారు జరిమానా కట్టారు సరే, ఫిర్యాది ఎక్కడ?

(సికింద్రాబాద్‌లో ఒక చర్చిలో, ఈస్టరుకు ముందు వచ్చే లెంటు కాలపు సాయంత్రం కూడికలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాశాం. మాట తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ వందనాలండి. అయ్యగారు నన్ను పరిచయం చేస్తూ న్యాయశాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు అన్నారు. పెద్దదేం కాదండి, బెంచ్ క్లర్కుని. జడ్జిగారి ముందు కింద బల్ల దగ్గర కూర్చుని, కేసు కట్టలు అందించి, వాయిదా తేదీలు రాసుకుని, అటెండరుతో పేర్లు పిలిపించే మనిషిని. సర్వీసంతా జంటనగరాల్లో క్రిమినల్ కోర్టుల్లోనే గడిచింది. తీర్పు ఏనాడూ చెప్పలేదు గానీ తీర్పు వింటున్నవాళ్ల మొహాలు మాత్రం చాలా దగ్గరనుంచి చూశాను, ముద్దాయి మొహమూ చూశాను, వెనక బెంచీ మీద కూర్చున్న ఫిర్యాది మొహమూ చూశాను. దేవుని తీర్పు, దేవుని కనికరం అనే టాపిక్ నాకిచ్చింది అందుకే కాబోలు.

మీరందరూ విన్న కథ ఒకటుంది, ఉజ్జీవ కూడికల్లో కనీసం ఏడాదికోసారి వినబడుతుంది. ఒక జడ్జిగారుంటారు, ఆయన ముందుకు ముద్దాయిగా ఆయన కొడుకే వస్తాడు, కొన్ని కథల్లో చిన్ననాటి స్నేహితుడు. చట్టప్రకారం జరిమానా వేయాలి, వేస్తారు. తర్వాత ఆయన కోటు విప్పి, బల్ల దిగి వచ్చి, జేబులోంచి డబ్బు తీసి ఆ జరిమానా తనే కడతారు. న్యాయమూ నెగ్గింది, ప్రేమా నెగ్గింది, సిలువ అంటే ఇదే అని బోధకుడు చెబుతాడు, మనం హల్లెలూయ అంటాం.

నాకు ఆ కథ విన్న ప్రతిసారీ కాలి కింద రాయి గుచ్చుకున్నట్టుంటుంది. కొడుకు కేసు తండ్రి వినడమేంటి, ఏ కోర్టులోనూ అలా కుదరదు, ఆయన ఆ కేసు నుంచి తప్పుకోవాలి, అది చిన్న సంగతి అనుకోండి, కథ కదా వదిలేద్దాం. నాకున్న అసలు ఇబ్బంది వేరే. ఆ కథలో నేరం ఏంటో గమనించారా? ఎప్పుడు విన్నా బండి స్పీడుగా నడిపాడనో, సిగ్నల్ దాటాడనో ఉంటుంది. ఎవరికీ దెబ్బ తగలని నేరం. జరిమానా సర్కారు ఖజానాకు పోతుంది, అందరూ సంతోషంగా ఇంటికెళ్తారు. ఇప్పుడు నేరం మార్చి చూడండి. ఆ కుర్రాడు బండితో ఒక పదేళ్ల పిల్లని గుద్దేశాడు, పిల్ల పోయింది, తల్లి వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. జడ్జిగారు కోటు విప్పి దిగి వచ్చి జేబులోంచి డబ్బు తీశారు. హల్లెలూయ అంటారా? ఆ తల్లి మొహం చూస్తూ అనగలరా?

ఆ కథలో ఫిర్యాది లేదు. మనం దేవుని కనికరం గురించి మాట్లాడే తీరులో సాధారణంగా ఫిర్యాది ఉండదు. పాపి ఉంటాడు, దేవుడుంటాడు, వాళ్లిద్దరి మధ్య వ్యవహారం సెటిలైపోతుంది, దెబ్బ తిన్న మూడో మనిషి ఆ హాల్లో ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: బైబిలు ఆ మనిషిని మరిచిపోలేదు, తీర్పు అనే మాట బైబిల్లో అన్నిసార్లు వచ్చేది ఆ మనిషి కోసమే.

ఒక సంగతి చెబుతాను. క్రిమినల్ కేసుల్లో కొన్నింటికి రాజీ ఉంటుంది, ఇది మీలో చాలామందికి తెలుసు, లోక్ అదాలత్ రోజున బారులు తీరి వస్తారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 320వ సెక్షన్, దాని బదులు 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 359. ఏ నేరానికి రాజీ కుదురుతుంది, ఎవరు రాజీ పడొచ్చు అని అందులో పట్టికే ఉంటుంది. చిన్న దెబ్బలకు కుదురుతుంది, హత్యకు కుదరదు. రాజీ పడే హక్కు ఎవరికుంది అంటే, దెబ్బ తిన్నవాళ్లకే. పోలీసుకి లేదు, లాయరుకి లేదు, జడ్జిగారికి కూడా లేదు. ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు, రాజీ రికార్డయితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. కొట్టాడా లేదా అన్నది ఇక ఎవరూ తేల్చరు.

ఒక లోక్ అదాలత్ రోజున తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునే ఒకావిడ వచ్చింది. వడ్డీకిచ్చినవాడు నడిరోడ్డు మీద చెయ్యి చేసుకున్నాడు. కేసు పాతబడింది, వాయిదాలకు తిరిగి తిరిగి అలిసిపోయింది, పెద్దమనుషులు మధ్యలో కూర్చుని ఎంతో కొంత డబ్బు మాట్లాడారు. ప్లాస్టిక్ కవర్లో కాగితాలు, అన్నం డబ్బా, రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నంబరు పిలిచాం. మేజిస్ట్రేటుగారు పద్ధతి ప్రకారం అడిగారు, అమ్మా నీకిష్టమేనా, ఎవరైనా బెదిరించారా అని. ఆవిడ ఎవరూ బెదిరించలేదంది. వేలిముద్రకి ఇంకు డబ్బా నేను ముందుకు జరిపాను. ఆవిడ బొటనవేలు పెట్టలేదు. "డబ్బులు తర్వాత సార్, ముందు నన్ను కొట్టినా అని వాణ్ని ఒప్పుకోమనండి" అంది. లాయరు నవ్వాడు. ఒప్పుకుంటే రాజీ ఎందుకమ్మా, శిక్షే పడుతుంది అన్నాడు. అతను చెప్పింది నిజమే, చట్టంలో ఆవిడ అడిగినదానికి చోటు లేదు. ఆ మనిషి నేల చూస్తూ నిలబడ్డాడు, ఒక్కమాట మాట్లాడలేదు. చివరికి ఆవిడ వేలిముద్ర వేసింది, వెళ్లిపోయింది.

ఆవిడ అడిగింది ప్రతీకారం కాదండి. వాణ్ని జైల్లో వేయమనలేదు. జరిగింది జరిగిందని నలుగురి ముందు ఒక మనిషి పలకాలి, అంతే. బైబిల్లో తీర్పు అంటే మొట్టమొదట అదే. హేబెలు హత్య దగ్గర దేవుడు కయీనుతో ఏమన్నాడు? "నీ తమ్ముని రక్తముయొక్క స్వరము నేలలోనుండి నాకు మొరపెట్టుచున్నది" అన్నాడు. లోకంలో నమోదైన మొదటి ఫిర్యాదు అదే, ఇచ్చినవాడు చచ్చిపోయాడు, సాక్షి లేడు, నిందితుడేమో నా తమ్ముడికి నేను కావలివాడినా అని ఎదురడిగాడు, అయినా కేసు నమోదైంది. అక్కడే కనికరం కూడా ఉంది చూడండి, ఎవరూ చంపకుండా కయీనుకి ఒక గుర్తు వేశాడు దేవుడు. కానీ ముందు నేలలోంచి వచ్చిన స్వరం ఆయన విన్నాడు, గుర్తు తర్వాత వేశాడు.

కీర్తనలు చదివేటప్పుడు ఒక వింత కనబడుతుంది. మనకు తీర్పు అనగానే టెన్షన్. కానీ 96వ కీర్తనలో దేవుడు తీర్పు తీర్చడానికి వస్తున్నాడని తెలిసి పొలాలూ అడవిలో చెట్లూ సంబరపడతాయి. 98లో నదులు చప్పట్లు కొడతాయి. ఎందుకు? ఎవడో జడ్జి వస్తున్నాడంటే భయపడేది ముద్దాయి. ఏళ్ల తరబడి గుమ్మం దగ్గర కూర్చున్న ఫిర్యాదికి మాత్రం అది పండగ. యేసుప్రభువు చెప్పిన విధవరాలు గుర్తుందిగా, లూకా 18, అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విసిగించి విసిగించి న్యాయం తెచ్చుకున్నావిడ. తీర్పు కావాలని ఆవిడే అడుగుతోంది! మన తాతముత్తాతల్ని తలుచుకోండి, తెలుగు సంఘాల్లో ఎక్కువమంది ఏ వాడలనుంచి వచ్చామో మనకు తెలుసు, ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజులు. వాళ్లకి "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అన్న మాట భయపెట్టే వాక్యంలా వినిపించి ఉంటుందా? నాకైతే అలా అనిపించదు. తీర్పు గురించి చెప్పకండి, ప్రేమ గురించే చెప్పండి అని మనం ఇప్పుడు అయ్యగార్లను అడుగుతున్నాం అంటే, మన ఇళ్లూ మన జీతాలూ కాస్త బాగుపడి మనం ఏ వైపు బెంచీకి మారామో ఒకసారి చూసుకోవాలి.

సరే, తీర్పు మంచిదే అన్నాను కదా అని కనబడిన ప్రతి కష్టాన్నీ తీర్పు అనడం మొదలుపెట్టొద్దు. ఈ జబ్బు మనవాళ్లకు బాగా ఉంది. వరదొస్తే తీర్పు, కరోనా వస్తే తీర్పు, పక్కింటాయనకి గుండెపోటు వస్తే అదీ తీర్పే. మన ఊరి సంగతే చూద్దాం. 1908 సెప్టెంబర్ 28, మూసీ వరద. వేలమంది పోయారు, పదిహేను వేలమంది అని సాధారణంగా రాస్తారు. అఫ్జల్‌గంజ్ వైపు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక చింతచెట్టు ఉంది, ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని నూటయాభైమంది దాకా బతికారని చెబుతారు, చెట్టు ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడొచ్చు. నా ప్రశ్న ఏంటంటే, చెట్టు ఎక్కినవాళ్లు నీతిమంతులూ, కొట్టుకుపోయినవాళ్లు పాపులూనా? యేసుప్రభువు దగ్గరికి అచ్చం ఇదే ప్రశ్న వచ్చింది. లూకా 13. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావాళ్లందరికంటే ఎక్కువ అపరాధులు అనుకుంటున్నారా, కాదు, అన్నాడాయన సూటిగా. వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు అని. అంటే చచ్చిపోయినవాళ్ల మీద తీర్పు రాయొద్దు, బతికున్నావు కదా, నీ ఫైలు నువ్వు చూసుకో అని. మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన వచ్చి ఎవరు పాపులని విచారించలేదు, ఎగువన ఎన్ని చెరువులు తెగాయో లెక్క తీశారు. ఆ లెక్క తర్వాతే మనకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. నన్నడిగితే లూకా 13 పాటించడం అంటే అదీ ఒక పద్ధతే.

ఇంకొకటి త్వరగా చెప్పి ముందుకు పోతాను. పాత నిబంధన దేవుడు కోపిష్టి, కొత్త నిబంధన దేవుడు దయామయుడు అని చాలామంది అంటారు, చర్చికి రానివాళ్లే కాదు, మనవాళ్లూ అంటారు. ఇది కొత్త ఆలోచన కాదు, మార్కియను అనే ఆయన రెండో శతాబ్దంలోనే చెప్పాడు, 144 ప్రాంతంలో రోము సంఘం ఆయన్ని బయటికి పంపింది. కోపపడే దేవుణ్ని కత్తిరించి పారేస్తే మిగిలేది కనికరంగల దేవుడు కాదు, ఎవరికి ఏం జరిగినా పట్టించుకోని దేవుడు. నరకం మాట సువార్తల్లో ఎక్కువసార్లు వినబడేది యేసుప్రభువు నోటనే, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు యోనా, దేవుడు నీనెవె పట్టణానికి వెళ్లమంటే పారిపోయిన ప్రవక్త. ఈ పుస్తకం దగ్గర కాసేపు కూర్చుందాం, నాలుగు అధ్యాయాలే. యూదులు ప్రాయశ్చిత్త దినాన మధ్యాహ్నం దీన్ని పూర్తిగా చదువుతారు, కేరళలో సిరియన్ సంఘాలవాళ్లు నీనెవెవారి ఉపవాసం అని మూడు రోజులు ఉంటారు. మనమేమో సండే స్కూల్లో చేప బొమ్మ గీయించి వదిలేశాం. చేప విషయం నేను మాట్లాడను.

యోనాని మనం ఎప్పుడూ తిడతాం. మాట వినలేదు, పారిపోయాడు, మొండివాడు, జాలి లేనివాడు అని. ఒక్క నిమిషం అతని వైపునుంచి చూడండి. నీనెవె అంటే అష్షూరు సామ్రాజ్యపు మహా పట్టణం. ఆ రాజులు తాము చేసినదాన్ని దాచుకోలేదు, గోడల మీద చెక్కించుకున్నారు. సన్హెరీబు క్రీ.పూ. 701లో యూదాలోని లాకీషు పట్టణాన్ని పట్టుకున్నాడు, ఆ ముట్టడంతా నీనెవెలో తన రాజభవనం గోడల మీద చెక్కించాడు, ఆ పలకలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనుషుల్ని కొయ్యలకు గుచ్చి నిలబెట్టడం, చర్మం ఒలవడం, పిల్లలతో సహా బందీలుగా పోయే ఆడవాళ్లు, అన్నీ కనబడతాయి. క్రీ.పూ. 722లో ఇశ్రాయేలు రాజధాని సమరయ వాళ్ల చేతిలోనే పడింది. రాజుల రెండో గ్రంథం ప్రకారం యోనా దానికి ముందు కాలంవాడు, ఇశ్రాయేలు రాజు రెండో యరొబాము రోజులవాడు. కానీ ఈ పుస్తకం చదివే ప్రతి ఇశ్రాయేలీయుడికీ అష్షూరు ఏం చేసిందో తెలుసు. అంటే యోనా ఎవరు? ఫిర్యాది తరఫు మనిషి. అతన్ని దేవుడు ఏం చేయమన్నాడు? వెళ్లి ముద్దాయికి నోటీసు ఇవ్వమన్నాడు. నోటీసు అందితే వాడు సర్దుకుంటాడేమో, తప్పించుకుంటాడేమో అని యోనా భయం. ఇంకా నలభై రోజులకు నీనెవె నాశనమవుతుంది అన్నదే ఆ నోటీసు, ఆ నలభై రోజుల గడువు యోనా చెవికి బెయిలులాగే వినబడి ఉంటుంది.

అతను భయపడినట్టే అయింది. నీనెవె రాజు గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. ఇక్కడ ఒక సంగతి మనం గబగబా చదివి దాటేస్తాం. రాజు ఇచ్చిన ఆజ్ఞలో ఉపవాసం, గోనెపట్ట మాత్రమే లేవు, మీ చేతులతో చేస్తున్న బలాత్కారం మానండి అని ఉంది. తర్వాత వచనంలో దేవుడు ఏం చూశాడని రాసుంది? వాళ్ల కన్నీళ్లు చూశాడని లేదు, గోనెపట్టలు చూశాడనీ లేదు. వాళ్లు చెడు నడతలు మానుకోవడం, వాళ్ల క్రియలు చూశాడని ఉంది. కొడుతున్న చెయ్యి ఆగింది. ఫిర్యాదికి సంబంధించినంతవరకు మొదట కావలసింది అదే కదా.

అయినా యోనాకి మంట తగ్గలేదు. నీవు కటాక్షమూ జాలీ బహు శాంతమూ గల దేవుడవని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అన్నాడు. దేవుడి మీద ఫిర్యాదు రాసి, అందులో నేరంగా ఆయన మంచితనాన్నే పెట్టాడు. ఆ మాటలు అతని సొంతం కాదు, నిర్గమకాండము 34లో సీనాయి కొండ మీద మోషేతో దేవుడు తన గురించి తానే చెప్పుకున్న మాటలు. అక్కడ దాని రెండో సగం కూడా ఉంది, దోషుల్ని ఏమాత్రమూ నిర్దోషులుగా ఎంచను అని. యోనా ఆ సగం చెప్పలేదు. తర్వాత అదే నీనెవె మీద నహూము వచ్చాడు, మీ బైబిల్లో యోనా తర్వాత మీకా, మీకా తర్వాత నహూము, మొదటి అధ్యాయం మూడో వచనం తీయండి: యెహోవా దీర్ఘశాంతుడు, దోషులను నిర్దోషులుగా ఎంచడు. ఒకే ఊరు, ఒకే వాక్యం, ఒక ప్రవక్త ఒక సగం, ఇంకో ప్రవక్త ఇంకో సగం. క్రీ.పూ. 612లో నీనెవె కూలిపోయింది, ఇప్పుడు ఇరాక్‌లో మోసుల్ నగరం పక్కన దాని దిబ్బలున్నాయి. కొట్టడం మానిన తరానికి కనికరం దొరికింది, మళ్లీ మొదలుపెట్టిన తరాలకు ఆ పాత కాగితం పనికిరాలేదు. యోనా రోజున ఇచ్చింది గడువు, కేసు కొట్టేయలేదు.

దేవుడు యోనాని కూడా విసుక్కోలేదు చూడండి. నువ్వు కోపపడడం న్యాయమా అని అడిగాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. కుడి ఎడమలు తెలియని 1,20,000 మందికి మించి ఉన్నారు, పశువులు కూడా బోలెడున్నాయి, నేను జాలిపడకూడదా అన్నాడు. పుస్తకం ఆ ప్రశ్న మీదే ఆగిపోయింది. యోనా ఒప్పుకున్నాడో లేదో రాయలేదు. ఫిర్యాది చేత బలవంతంగా వేలిముద్ర వేయించలేదు దేవుడు. నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే నచ్చేది అదే.

ఇక సిలువ దగ్గరికి వద్దాం. నేను మొదట్లో ఎత్తిన ఇబ్బంది ఇంకా అలాగే ఉంది కదా, రాజీ పడే హక్కు దెబ్బ తిన్నవాళ్లదే అయితే, నాకు జరిగిన అన్యాయాన్ని క్షమించడానికి దేవుడెవరు అని ఎవరైనా అడగొచ్చు. చాలా న్యాయమైన ప్రశ్న. క్రైస్తవ విశ్వాసం దీనికి చెప్పే జవాబు, జడ్జిగారు జేబులోంచి డబ్బు తీశారన్నది కాదు. జడ్జిగారే ఫిర్యాదీల బెంచీలో ఉన్నారన్నది. మత్తయి 25లో తీర్పు దినాన రాజు ఏమంటాడు, మిక్కిలి అల్పులైన ఈ నా సహోదరుల్లో ఒకనికి చేశారు గనుక నాకు చేశారు అంటాడు. ఆ పండ్లావిడ మీద పడిన దెబ్బ ఆయన మీద పడ్డదే అని ఆయనే అంటున్నాడు. మాటవరసకి కాదు. ఆయన కేసు చూడండి, మా కోర్టు కళ్లతో చూస్తే ఒళ్లు మండుతుంది. రాత్రిపూట విచారణ. అబద్ధ సాక్షులు, వాళ్ల సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగలేదని మార్కు రాశాడు. లూకా సువార్తలో రోమా గవర్నరు పిలాతు ఇతనిలో నేరం కనబడలేదని మూడుసార్లు చెప్పాడు, చెప్పి కూడా శిక్ష రాశాడు. తీర్పు దినాన కూర్చోబోయే న్యాయాధిపతి ఇతనే అంటుంది అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం. తప్పుడు తీర్పు వల్ల దెబ్బ తిన్నవాడు తీర్పు చెబుతాడు. అలాంటివాడు "తండ్రీ, వీరిని క్షమించుము" అన్నప్పుడు దానికి విలువ ఉంది, అది మూడో మనిషి ఇచ్చిన ఉచిత సలహా కాదు.

ఆ పక్క సిలువ మీదున్న దొంగ సంగతి కూడా అందుకే నాకిష్టం. చివరి నిమిషంలో పరదైసు కొట్టేశాడు అని మనం తేలిగ్గా అంటాం. అతను ముందు ఏమన్నాడో చూడండి. "మనకైతే యిది న్యాయమే, మనము చేసినవాటికి తగిన ఫలము పొందుచున్నాము." పండ్లావిడ ఎదురుచూసిన వాక్యం అదే. నలుగురిలో, గట్టిగా, నేను చేశాను అన్నాడు. ఆ తర్వాతే నన్ను జ్ఞాపకం చేసుకో అని అడిగాడు.

దావీదు విషయంలో నాకు చాలాకాలం ఒక ముల్లుండేది. బత్షెబ విషయంలో పాపం చేసి, ఆమె భర్త ఊరియాని చంపించి, 51వ కీర్తనలో నీకే కేవలము నీకే విరోధంగా పాపం చేశాను అంటాడు. మరి ఊరియా? చచ్చిపోయినవాడి ఊసే లేదేంటి? జవాబు కీర్తనలో దొరకదు, మత్తయి మొదటి పేజీలో ఉంది. యేసుక్రీస్తు వంశావళి, ఆరో వచనం. దావీదు సొలొమోనును కన్నది "ఊరియా భార్యగా ఉండిన" ఆమె వల్ల అని రాశాడు. బత్షెబ పేరు కూడా వేయలేదు, ఊరియా పేరు వేశాడు. దావీదుకి క్షమాపణ దొరికింది, కానీ కొత్త నిబంధన తెరవగానే చనిపోయిన ఫిర్యాది పేరు రికార్డులో ఉంది. దేవుడు నా పాపాన్ని సముద్రపు అగాధంలో పడేశాడు, ఇక దాని సంగతి ఎవరూ ఎత్తకూడదు అనేవాళ్లు ఆ పేజీ చదవాలి.

ఇది ఎవర్ని ఉద్దేశించి అంటున్నానో మీకు అర్థమవుతూనే ఉంటుంది. సంఘాల్లో ఒకడు తప్పు చేస్తాడు, డబ్బు తిన్నాడనో, ఇంట్లో భార్యని కొడుతున్నాడనో, అంతకంటే ఘోరమో. రెండు నెలలకి స్టేజి మీద కన్నీళ్లతో సాక్ష్యం చెబుతాడు, ప్రభువు నన్ను క్షమించాడు అంటాడు. అందరూ చప్పట్లు. ఆ తర్వాత నలుగురు పెద్దలు బాధపడిన మనిషి ఇంటికెళ్లి, దేవుడే క్షమించాక నువ్వెవరమ్మా క్షమించకపోవడానికి అని కూర్చుంటారు. డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఇంటూ ఏడుసార్లు క్షమించు అనే వాక్యం తీస్తారు. అది మత్తయి 18వ అధ్యాయం. అదే అధ్యాయంలో దానికి పైన, 15వ వచనం నుంచి, ఒక విచారణ పద్ధతి ఉంది: ముందు ఒంటరిగా తప్పు తెలియజెయ్యి, వినకపోతే ఇద్దరు ముగ్గురు సాక్షుల్ని తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. సాక్షులతో సహా విచారణ అయ్యాకే డెబ్బై ఏళ్ల మారులు వస్తుంది. మనవాళ్లు పై పేరా మడిచిపెట్టి కింది పేరా మాత్రం చదువుతారు. పన్నులు వసూలు చేసే జక్కయ్యని చూడండి, యేసుప్రభువు ఇంటికొచ్చిన సంతోషంలో కూడా మొదట నోటినుంచి వచ్చింది లెక్కే. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ లెక్క విన్న తర్వాతే కదా.

నేను చెప్పాల్సింది అయిపోయిందండి. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(వెనకనుంచి ఒక సహోదరి: నాకు అన్యాయం చేసినవాడు ఆఖరి రోజున పశ్చాత్తాపపడి పరలోకానికి వస్తే, అక్కడ వాడి మొహం నేనెలా చూడాలి?)

అమ్మా, దీన్ని మెత్తగా చేసి చెప్పలేను. మన విశ్వాసం ప్రకారం వాడు రావచ్చు. కానీ కేసు దాచిపెట్టి ఎవడూ రాలేడు, మరుగైనది ఏదీ బయటపడకుండా ఉండదు అన్నాడు ప్రభువు. క్రీస్తుని నమ్మినందుకు స్తెఫనుని రాళ్లతో కొట్టి చంపేటప్పుడు కొట్టేవాళ్ల బట్టలు, తర్వాత పౌలుగా మారిన సౌలు కాళ్ల దగ్గరే పెట్టారు, ఆ చావుకి అతను సమ్మతించాడు. ఇప్పుడు స్తెఫనూ పౌలూ ఒకేచోట ఉన్నారని మనం నమ్ముతాం. కానీ పౌలు ఆ సంగతి ఎక్కడా దాచలేదు, అపొస్తలుల కార్యములు 22లో యెరూషలేములో తనను చంపబోయిన గుంపు ముందే స్తెఫను పేరు చెప్పి, నేనూ అక్కడే నిలబడ్డాను అన్నాడు. ముసలితనంలో తిమోతికి రాస్తూ కూడా నేను హింసకుణ్ని, హానికరుణ్ని అని రాశాడు. అక్కడ మీకు ఎదురయ్యేవాడు నేలచూపులు చూస్తూ నోరు మెదపనివాడు అయి ఉండడు, నేను చేశాను అని మీ పేరు పెట్టి చెప్పినవాడై ఉంటాడు. ఈలోగా మీకు కోపం ఉంటే ఉండనివ్వండి. ఫలానా తేదీకల్లా క్షమించాలని నేనైతే ఎక్కడా చదవలేదు. యోనాకే దేవుడు గడువు పెట్టలేదు.

(ఇంకొకరు: మరి క్షమిస్తే కేసు వెనక్కి తీసుకోవాలా? సంఘంలో అలాగే చెబుతున్నారు.)

తీసుకోనక్కర్లేదండి. 1999 జనవరిలో ఒడిశాలో మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌గారినీ, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నీ, ఆరేళ్ల తిమోతినీ జీపులో ఉండగానే కాల్చేశారు. ఆయన భార్య గ్లాడిస్‌గారు క్షమించానని దేశమంతా వినేలా చెప్పారు. కేసు మాత్రం నడిచింది, ప్రధాన ముద్దాయికి కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆవిడ క్షమాపణ ఆవిడది, కోర్టు పని కోర్టుది. రోమా 13 ప్రకారం అధికారి కూడా దేవుని పరిచారకుడే. కాబట్టి మీ తరఫు కేసు ఏదైనా నడుస్తుంటే వాయిదాకి తప్పకుండా వెళ్లండి, కొన్ని కేసుల్లో ఫిర్యాది రాకపోతే ఆ కారణం మీదే కొట్టేసే వీలుంది. పొద్దున పదిన్నరకల్లా కోర్టు హాల్లో ఉండండి, కాగితాలు జిరాక్స్ తీయించి ఒక సెట్టు ఇంట్లో పెట్టండి. ఒంటరిగా వెళ్లేవాళ్లుంటే చర్చి తరఫున ఎవరో ఒకరు తోడు వెళ్లాలి, అయ్యగారూ, ఆ పేర్లు ఈ ఆదివారమే రాసుకోండి, మొదటి పేరు నాది వేయండి, నాకెలాగూ ఆ వరండాలన్నీ తెలుసు.